మందును తోడిపోసే సూక్ష్మజీవి: స్టూవర్ట్ లెవీ పరిశోధన

స్టూవర్ట్ లెవీ (1938–2019) అమెరికాకు చెందిన వైద్యుడు, సూక్ష్మజీవశాస్త్రవేత్త. బాస్టన్ నగరంలోని టఫ్ట్స్ విశ్వవిద్యాలయంలో నాలుగు దశాబ్దాలకు పైగా ఆచార్యుడిగా పనిచేశారు. యాంటీబయాటిక్ మందులకు బాక్టీరియా లొంగకుండా ఎలా పోతుంది, ఆ లొంగని గుణం ఒక ప్రాణి నుంచి మరొక ప్రాణికి ఎలా పాకుతుంది, దానిని జయించగల కొత్త మందును ఎలా రూపొందించాలి అనే మూడు ప్రశ్నల చుట్టూ ఆయన పరిశోధన సాగింది. ఆయన ప్రధానంగా పరిశోధించినవి టెట్రాసైక్లిన్ కుటుంబానికి చెందిన మందులు. ఆ కుటుంబంలో మొట్టమొదటిది భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు నాయకత్వం వహించిన పరిశోధనశాలలో వెలువడింది.

ఔషధ నిరోధకత అంటే ఏమిటి

"ఆ మందు ఒంటికి అలవాటైపోయింది, ఇక పనిచేయదు" అనే మాట పల్లెలలో తరచు వినిపిస్తుంది. యాంటీబయాటిక్‌ల విషయంలో అది సరికాదు. మందుకు లొంగకుండా పోయేది మనిషి శరీరం కాదు, శరీరంలోని బాక్టీరియా. పత్తి చేనులో ఒకే పురుగుమందును పదేపదే చల్లితే బలహీనమైన పురుగులు చచ్చి, చావనివి మిగులుతాయి. మరుసటి పంటకు వాటి సంతానమే చేనంతా నిండుతుంది. బాక్టీరియాలోనూ జరిగేది ఇదే. అయితే పురుగుకు నెలలు పట్టే పని బాక్టీరియాకు గంటలలో పూర్తవుతుంది. అనుకూలమైన స్థితిలో మన పేగులలో ఉండే ఇ. కోలై అనే బాక్టీరియా ఇరవై నిమిషాలకు ఒకసారి రెండుగా చీలుతుంది.

బాక్టీరియాకు మరొక సౌలభ్యం కూడా ఉంది. మందును తట్టుకునే గుణాన్ని అది తన సంతానానికే కాక, పక్కనున్న వేరే జాతి బాక్టీరియాకు సైతం అందించగలదు. ఆ గుణం ప్లాస్మిడ్ అనే చిన్న డి.ఎన్.ఏ. వలయంలో ఉంటుంది. రెండు బాక్టీరియాలు ఒకదానినొకటి తాకినప్పుడు ఈ వలయపు నకలు ఒకదాని నుంచి మరొకదానికి చేరుతుంది. ఒకే వలయంలో నాలుగైదు మందులను తట్టుకునే గుణాలు ఉండవచ్చు.

ఈ సమస్య ఎంత పెద్దదో తెలిపే ప్రపంచవ్యాప్త అంచనా 2022లో వెలువడింది. దాని ప్రకారం ఒక్క 2019లోనే మందులకు లొంగని బాక్టీరియా నేరుగా కారణమైన మరణాలు సుమారు 12 లక్షల 70 వేలు.

బంగారు రంగు మందు

పెనిసిలిన్ ఎన్నో ప్రాణాలను కాపాడినప్పటికీ అనేక రకాల బాక్టీరియాపై పనిచేయదు. అందుచేత 1940ల నడుమ శాస్త్రవేత్తలు నేలలోని సూక్ష్మజీవులలో కొత్త మందుల కోసం వెదకసాగారు. మద్రాసులో వైద్యవిద్య అభ్యసించి అమెరికా వెళ్లిన సుబ్బారావు 1940లో అక్కడి లెడర్లీ సంస్థలో చేరి, అనంతరం పరిశోధన విభాగానికి అధిపతి అయ్యారు. ఆయన బృందంలో బెంజమిన్ డగ్గర్ అనే వృద్ధ వృక్షశాస్త్రవేత్త ఉండేవారు. విశ్వవిద్యాలయ ఉద్యోగం నుంచి పదవీ విరమణ చేసి, డెబ్బై ఏళ్లు దాటిన తరువాత లెడర్లీలో చేరిన డగ్గర్, మిస్సోరి రాష్ట్రంలోని ఒక వ్యవసాయ క్షేత్రపు మట్టి నుంచి బంగారు రంగులో పెరిగే ఒక సూక్ష్మజీవిని వేరుచేశారు. అది స్రవించే పదార్థమే ఆరియోమైసిన్. బంగారం అనే అర్థం గల లాటిన్ పదం నుంచి ఆ పేరు వచ్చింది.

ఆరియోమైసిన్‌ను 1948 జూలైలో లోకానికి ప్రకటించారు. కొద్ది వారాలకే, అదే సంవత్సరం ఆగస్టులో, సుబ్బారావు కన్నుమూశారు. ఆ మందు ఎన్నో రకాల బాక్టీరియాపై పనిచేసింది. దాని అణు నిర్మాణాన్ని అనుసరించి తరువాత వచ్చిన మందులన్నిటినీ కలిపి టెట్రాసైక్లిన్‌లు అంటారు. నేడు మందుల దుకాణాలలో దొరికే డాక్సీసైక్లిన్ కూడా ఈ కుటుంబానిదే. చిన్న పురుగు కుట్టడం వలన వచ్చే స్క్రబ్ టైఫస్ జ్వరానికి నేటికీ ప్రధానమైన మందు ఇదే. పొలాలలో, పొదల దగ్గర తిరిగే వారికి సోకే ఈ జ్వరం ఆంధ్రప్రదేశ్, తమిళనాడు, కర్ణాటక, ఒడిశాలలో కనిపిస్తున్నది. ఆలస్యం జరిగితే ప్రాణాంతకం కూడా కావచ్చు. ఈ కుటుంబపు మందులు పని చేస్తూ ఉండడం పల్లె ప్రజలకు ఎంత అవసరమో దీనిని బట్టి తెలుస్తుంది.

మందు దాణాలోకి వచ్చిన తీరు

అదే లెడర్లీ సంస్థలో థామస్ జూక్స్, రాబర్ట్ స్టోక్‌స్టాడ్ అనే ఇద్దరు శాస్త్రవేత్తలు కోళ్ల పోషణపై పరిశోధన చేస్తుండేవారు. కోడిపిల్లలకు బి12 విటమిన్‌ను చౌకగా అందించే మార్గం కోసం వెదుకుతూ, ఆరియోమైసిన్‌ను తీసివేయగా మిగిలిన పిప్పిని దాణాలో కలిపి చూశారు. ఆ పిల్లలు విటమిన్ వలన పెరగవలసిన దానికంటె ఎక్కువగా పెరిగాయి. పిప్పిలో కొద్దిగా మిగిలి ఉన్న యాంటీబయాటికే అందుకు కారణమని తేలింది. ఈ ఫలితం 1950లో ప్రకటితం కాగానే అమెరికాలో కోళ్లకు, పందులకు, పశువులకు రోగం లేకున్నా ప్రతిదినం స్వల్ప మోతాదులో యాంటీబయాటిక్ తినిపించడం మొదలైంది. క్రమంగా ఆ పద్ధతి ఇతర దేశాలకూ పాకింది.

చిన్న మోతాదు కనుక హాని లేదని ఆనాడు అనేకులు భావించారు. నిజానికి ప్రమాదం ఆ చిన్న మోతాదులోనే ఉంది. అది బాక్టీరియాను పూర్తిగా చంపదు. తట్టుకోగల వాటిని మాత్రం రోజూ ఏరి నిలుపుతుంది.

వైద్యుని ఇంటి నుంచి జపాన్ వరకు

లెవీ 1938 నవంబరు 21న డెలావేర్ రాష్ట్రంలోని విల్మింగ్టన్‌లో జన్మించారు. తండ్రి కుటుంబ వైద్యుడు. కవల సోదరుడు జే లెవీ కూడా వైద్యుడై, ఎయిడ్స్ వైరస్‌ను వేరుచేసిన తొలి శాస్త్రవేత్తలలో ఒకరిగా పేరు పొందారు. స్టూవర్ట్ పెన్సిల్వేనియా విశ్వవిద్యాలయం నుంచి 1965లో వైద్య పట్టా పొందారు.

విద్యార్థి దశలో పారిస్‌లోని పాశ్చర్ సంస్థలో ఉన్నప్పుడు జపాన్ శాస్త్రవేత్తల పరిశోధన ఆయన దృష్టికి వచ్చింది. జపాన్‌లో 1950లలో రక్త విరేచనాల రోగం కలిగించే షిగెల్లా బాక్టీరియా ఒకేసారి నాలుగు మందులకు లొంగకుండా పోయింది. ఒక్కొక్క మందుకు విడివిడిగా నిరోధకత ఏర్పడాలంటే అంత తక్కువ కాలంలో సాధ్యం కాదు. ఆ గుణాలన్నీ ఒక మూటగా ఒక బాక్టీరియా నుంచి మరొకదానికి చేరుతున్నాయని జపాన్ శాస్త్రవేత్తలు 1959 నాటికి కనుగొన్నారు. వారిలో ఒకరైన త్సుతోము వతనబె 1963లో ఆంగ్లంలో ప్రచురించిన వ్యాసం ద్వారా ఈ విషయం ప్రపంచానికి తెలిసింది. లెవీ టోక్యో వెళ్లి, కెయో విశ్వవిద్యాలయంలో వతనబె వద్ద కొంతకాలం పనిచేశారు. ఆయన పరిశోధనా జీవితానికి దిక్కు చూపినది ఆ అనుభవమే. 1971లో ఆయన టఫ్ట్స్ విశ్వవిద్యాలయంలో చేరారు.

కోళ్ల ఫారంలో జరిగిన పరీక్ష

దాణాలోని మందు కోళ్లలోని బాక్టీరియాను మాత్రమే మారుస్తుందా, లేక ఆ కోళ్లను పెంచే మనుషులనూ తాకుతుందా అనేది 1970లలో పెద్ద వివాదం. బ్రిటన్ ప్రభుత్వం నియమించిన స్వాన్ సంఘం 1969లోనే దాణాలో యాంటీబయాటిక్‌లపై హెచ్చరించింది. అమెరికాలో పరిశ్రమ వర్గాలు అందుకు రుజువు లేదని వాదించాయి. పశువుల ఔషధ పరిశ్రమ సంఘమే లెవీ బృందానికి ఆర్థిక సహాయం చేసి ఈ విషయాన్ని తేల్చమని కోరింది.

బాస్టన్ సమీపంలోని షెర్‌బార్న్ గ్రామంలో ఒక రైతు కుటుంబపు క్షేత్రాన్ని ఎన్నుకున్నారు. సుమారు 300 కోడిపిల్లలను తెచ్చి, సగం వాటికి టెట్రాసైక్లిన్ కలిపిన దాణా, మిగిలిన సగానికి మందు లేని దాణా పెట్టారు. కోళ్ల రెట్టను, క్షేత్రంలో నివసించే వారి మలాన్ని, ఇరుగుపొరుగు వారి మలాన్ని వారం వారం పరీక్షించారు.

వారం తిరగకుండానే మందు తిన్న కోళ్ల పేగులలోని బాక్టీరియా దాదాపు మొత్తం టెట్రాసైక్లిన్‌కు లొంగనిదిగా మారింది. మనుషులలో మార్పు మెల్లగా వచ్చింది. అయిదారు నెలలకు క్షేత్రవాసుల వారపు నమూనాలలో నూటికి 31.3 చొప్పున వాటిలో, 80 శాతానికి పైగా బాక్టీరియా మందుకు లొంగనిదిగా కనిపించింది. ఇరుగుపొరుగు వారి నమూనాలలో ఇటువంటివి నూటికి 6.8 మాత్రమే. క్షేత్రంలోని 11 మందిలో ఏడుగురికి, పొరుగువారు 24 మందిలో ముగ్గురికి మాత్రమే రెండు గాని అంతకంటె ఎక్కువ సార్లు గాని ఇటువంటి ఫలితం వచ్చింది.

క్షేత్రవాసులలోని ఆ బాక్టీరియాలో ఉన్న ప్లాస్మిడ్‌లు ఒక్క టెట్రాసైక్లిన్‌నే కాక మరికొన్ని మందులనూ తట్టుకునే గుణాన్ని మోస్తున్నాయి. కోళ్లకు పెట్టినది ఒక మందు, మనుషులలో పనిచేయకుండా పోయే అవకాశం ఉన్నవి అనేక మందులు. ఈ ఫలితాలు 1976లో అమెరికాలోని ప్రముఖ వైద్య పత్రికలో వెలువడ్డాయి. మందు కలిపిన దాణాను ఆపివేశాక కొన్ని నెలలకు కుటుంబ సభ్యులలో లొంగని బాక్టీరియా బాగా తగ్గింది. నిరోధకతను కలిగించే ఒత్తిడిని తొలగిస్తే పరిస్థితి కొంత చక్కబడగలదని దీనివలన తెలిసింది.

మందును తోడిపోసే యంత్రం

లొంగని బాక్టీరియా మందును ఏమి చేస్తున్నది అనేది లెవీ ముందున్న తరువాతి ప్రశ్న. పెనిసిలిన్‌ను బాక్టీరియా ఒక ఎంజైముతో ముక్కలు చేస్తుందని అప్పటికే తెలుసు. టెట్రాసైక్లిన్ విషయంలో మందు ముక్కలు కావడం లేదు, అయినా లోపల పేరుకోవడం లేదు. బాక్టీరియా తన గోడను మందు చొరకుండా మూసివేస్తున్నదని పలువురు ఊహించారు.

లెవీ ప్రయోగశాలలో లారా మెక్‌మరీ ప్రభృతులు చేసిన ప్రయోగాలు వేరొక సంగతి బయటపెట్టాయి. మందు లోనికి వస్తూనే ఉంది. బాక్టీరియా దానిని వచ్చినది వచ్చినట్లు బయటికి గెంటివేస్తున్నది. చిల్లుపడిన పడవలోకి చేరే నీటిని పడవవాడు ఎడతెగక తోడిపోసినట్లే బాక్టీరియా పొరలోని ఒక ప్రోటీను మందును తోడిపోస్తున్నది. దీనిని శాస్త్రవేత్తలు పంపు అని పిలుస్తారు. 1980లో ప్రచురితమైన ఈ పరిశోధన యాంటీబయాటిక్‌ను బయటికి తోసే పంపులను స్పష్టంగా చూపినది. ఇటువంటి పంపులు అనేక రోగకారక బాక్టీరియాలలో, అనేక మందుల విషయంలో ఉన్నాయని తరువాత వెల్లడైంది.

1983లో లెవీ బృందం మరొక ముఖ్య విషయాన్ని ప్రకటించింది. ఇ. కోలై బాక్టీరియాను టెట్రాసైక్లిన్ వంటి ఒకే మందు స్వల్ప మోతాదులో ఉంచి పెంచితే, అది ఎన్నడూ ఎరుగని ఇతర మందులకు కూడా క్రమంగా లొంగకుండా పోయింది. బయటి నుంచి ఏ ప్లాస్మిడూ రాలేదు. బాక్టీరియా సొంత డి.ఎన్.ఏ.లోనే ఉన్న ఒక మీట ఇందుకు కారణం. ఆ మీట పడితే సాధారణ పంపులు ఎక్కువగా పనిచేస్తాయి, లోనికి దారితీసే రంధ్రాలు తగ్గుతాయి. ఈ మీటకు మార్ అని పేరు పెట్టారు. ఒక మందును అనవసరంగా వాడితే ఆ ఒక్క మందే కాక ఇతర మందులూ దెబ్బతినగలవని దీని సారాంశం.

క్రిమిసంహారకమని ప్రచారం పొందిన సబ్బులలో వాడే ట్రైక్లోసాన్ అనే రసాయనాన్ని కూడా ఈ బృందం పరిశీలించింది. అది బాక్టీరియాలో కొవ్వును తయారుచేసే ఒక నిర్దిష్ట ఎంజైముపై పనిచేస్తుందని, అందుచేత దానికీ నిరోధకత ఏర్పడగలదని 1998లో తెలిపారు. అమెరికా ఆహార, ఔషధ నియంత్రణ సంస్థ 2016లో ట్రైక్లోసాన్‌తో సహా 19 రసాయనాలను గృహ వినియోగపు సబ్బులలో వాడరాదని ఉత్తరువు చేసింది. ఇంటి అవసరాలకు మామూలు సబ్బు, నీరు చాలునన్నది ఆ సంస్థ అభిప్రాయం.

పాత మందు నుంచి కొత్త మందు

పంపు పనితీరు తెలిసిన పిమ్మట దానిని దాటే ఉపాయం కోసం లెవీ ప్రయత్నించారు. నోబెల్ బహుమతి గ్రహీత వాల్టర్ గిల్బర్ట్‌తో కలసి 1996లో పారాటెక్ అనే సంస్థను స్థాపించారు. మొదట పంపుకు అడ్డుపడే పదార్థాలపై కృషి జరిగింది. అనంతరం పంపు పట్టుకోలేని కొత్త టెట్రాసైక్లిన్‌ను తయారుచేయడంపై దృష్టి నిలిపారు.

టెట్రాసైక్లిన్ బాక్టీరియాలో ప్రోటీన్లు తయారయ్యే రైబోజోమ్ అనే భాగానికి అతుక్కుని ఆ పనిని ఆపుతుంది. బాక్టీరియా తప్పించుకునే ముఖ్య మార్గాలు రెండు: మందును తోడిపోయడం, లేదా రైబోజోముకు కాపుగా ఒక ప్రోటీనును నిలిపి మందును ఊడదీయడం. మినోసైక్లిన్ అనే పాత మందు అణువులో ఒక స్థానాన రసాయనిక మార్పు చేసి, ఈ రెండింటినీ దాటగల ఒమడాసైక్లిన్ అనే మందును పారాటెక్ శాస్త్రవేత్తలు రూపొందించారు. న్యుమోనియాకు, తీవ్రమైన చర్మ వ్యాధులకు దీనిని వాడేందుకు అమెరికాలో 2018 అక్టోబరులో అనుమతి లభించింది.

సంస్థ స్థాపన నుంచి అనుమతి వరకు 22 సంవత్సరాలు, పంపును కనుగొన్నప్పటి నుంచి 38 సంవత్సరాలు పట్టింది. బాక్టీరియా మందుకు లొంగకుండా పోవడానికి వారం చాలునని షెర్‌బార్న్ కోళ్లు చూపాయి. పైగా యాంటీబయాటిక్‌ను రోగి కొద్ది రోజులే వాడుతాడు కనుక, జీవితాంతం వాడే రక్తపోటు, మధుమేహ మందులతో పోలిస్తే కంపెనీలకు లాభం తక్కువ. అందువలన పెద్ద సంస్థలు అనేకం ఈ రంగం నుంచి తప్పుకున్నాయి. కొత్త మందు వస్తుందన్న ధైర్యంతో పాత మందును పాడుచేసుకోవడం ఎంత ప్రమాదమో ఈ లెక్కలే చెబుతాయి.

లెవీ 2019 సెప్టెంబరు 4న, 80వ ఏట మరణించారు.

సమాజపు మందు

లెవీ యాంటీబయాటిక్‌లను సమాజపు మందులు అనేవారు. తలనొప్పి మాత్ర వేసుకుంటే దాని ఫలితం వేసుకున్నవారికే పరిమితం. యాంటీబయాటిక్ వేసుకుంటే ఆ ఇంటిలోని, ఆ వీధిలోని బాక్టీరియా మీద కూడా దాని ప్రభావం పడుతుంది. ఒకరు అనవసరంగా వాడిన మందు మరొకరికి అవసరమైన నాడు పనిచేయకపోవచ్చు. ఊరి చెరువు నీటి మీద ఊరందరికీ హక్కు ఉన్నట్లే, దానిని పాడుచేయకుండా చూసే బాధ్యత కూడా అందరిదీ. ఈ భావాన్ని ప్రచారం చేయడానికి ఆయన 1981లో యాంటీబయాటిక్‌ల వివేకవంతమైన వినియోగం కోసం ఒక అంతర్జాతీయ కూటమిని నెలకొల్పారు. ప్రాణాలు కాపాడే మందు తన వాడకం వలననే శక్తి కోల్పోతుందనే వైరుధ్యాన్ని వివరిస్తూ 1992లో ఒక గ్రంథం వెలువరించారు.

చట్టాలు నెమ్మదిగా కదిలాయి. పశువులు త్వరగా పెరగడానికి యాంటీబయాటిక్ వాడడాన్ని ఐరోపా సమాఖ్య 2006 జనవరి నుంచి పూర్తిగా నిషేధించింది. మనుషుల వైద్యానికి ముఖ్యమైన యాంటీబయాటిక్‌ల విషయంలో అమెరికా 2017 జనవరి నుంచి అటువంటి వాడకాన్ని నిలిపివేసింది. అంటే షెర్‌బార్న్ ఫలితాలు వెలువడిన నాలుగు దశాబ్దాలకు.

మన దేశంలో 2014 మార్చి నుంచి షెడ్యూల్ హెచ్1 అనే నిబంధన అమలులోకి వచ్చింది. దానిలో చేర్చిన ముఖ్యమైన యాంటీబయాటిక్‌లను, క్షయ మందులను వైద్యుని చీటీ లేకుండా అమ్మరాదు. దుకాణదారు రోగి పేరు, వైద్యుని పేరు, మందు పరిమాణం పుస్తకంలో వ్రాసి మూడు సంవత్సరాలు భద్రపరచాలి. ఇతర మందులేవీ పనిచేయనప్పుడు ఆసుపత్రులలో ఆఖరి ఆయుధంగా వాడే కొలిస్టిన్‌ను కోళ్లకు, ఆహారానికి ఉపయోగించే ఇతర జంతువులకు వాడరాదని కేంద్ర ప్రభుత్వం 2019 జూలైలో నిషేధించింది. ఇవి కేంద్ర చట్టం కింద వచ్చినవి కనుక, సరిహద్దు దాటి పక్క రాష్ట్రపు పట్టణంలో మందు కొన్నా ఇవే నియమాలు వర్తిస్తాయి.

ఇంటిలో పాటించవలసినవి

1. జలుబు, సాధారణమైన దగ్గు, ఫ్లూ జ్వరం వైరస్ వలన వస్తాయి. వీటికి యాంటీబయాటిక్ పనిచేయదు.

2. అట్టపై నిలువుగా ఎర్రని గీత ఉన్న మాత్రలను వైద్యుని చీటీ లేకుండా కొనరాదు. రెండు మూడు మాత్రలు విడిగా కొని వేసుకోవడం తగదు.

3. వైద్యుడు చెప్పిన మోతాదులో, చెప్పినన్ని రోజులు వాడాలి. తగ్గిందని సొంతంగా ఆపడం, తగ్గలేదని సొంతంగా పొడిగించడం రెండూ సరికావు.

4. మిగిలిన మాత్రలను దాచి మరొకసారి వాడరాదు. ఇంటిలో వేరొకరికి ఇవ్వరాదు. టెట్రాసైక్లిన్ వంటివి చిన్న పిల్లలలో పళ్ల రంగును శాశ్వతంగా మార్చగలవు. గర్భిణులు వైద్యుని సలహా లేకుండా వీటిని తాకరాదు.

5. సరిహద్దుకు అవతల వైద్యం చేయించుకున్నవారు పాత చీటీలను, మాత్రల అట్టలను వెంట తీసుకువెళ్లాలి. చీటీ ఏ భాషలో ఉన్నా మందు పేరు తెలిస్తే, అప్పటికే వాడిన మందు ఏదో కొత్త వైద్యుడు గ్రహించగలడు.

6. కోళ్లు, పశువులు పెంచేవారు దాణా సంచిపై ముద్రించిన వివరాలు చదవాలి. పశువైద్యుడు చెప్పనిదే యాంటీబయాటిక్ కలపరాదు. మందు వాడిన తరువాత పాలు, గుడ్లు, మాంసం అమ్మకుండా ఎన్ని రోజులు ఆగాలో అడిగి తెలుసుకోవాలి.

7. రెట్ట, పేడ ఎత్తిన తరువాత, వంటకు ముందు, మరుగుదొడ్డికి వెళ్లి వచ్చాక సబ్బుతో చేతులు కడుక్కోవాలి. శుభ్రమైన నీరు, పిల్లలకు వేళకు టీకాలు ఉంటే రోగాలు తగ్గుతాయి. రోగం రాని ఇంటికి యాంటీబయాటిక్ అవసరమే పడదు.